నాగుల చవితికి విత్తనం, రథసప్తమికి రంగుల క్యారెట్లు

మా శ్రీకాకుళం మార్కెట్లో ఏడాది పొడుగునా దొరికేది ఒకటే క్యారెట్, ఆ నారింజ రంగుది. ఊటీ క్యారెట్ అనే అమ్ముతారు, నిజంగా ఊటీదో ఇంకెక్కడిదో ఎవరికీ పట్టదు. దాంతో నాకేం పేచీ లేదు, సాంబార్లోకి అదే వాడతాను, కానీ డాబా మీద బస్తాలు మోసి మట్టి కలిపి మళ్ళీ అదే వేసుకోడం ఎందుకండీ? అందుకే చలికాలం వస్తే నేను ఎర్రవి, నల్లవి, పసుపువి వేస్తాను. ఎర్రదానికి పూసా రుధిర, నల్లదానికి పూసా అసిత, లేత పసుపుకి పూసా కుల్ఫీ, మూడూ ఢిల్లీ పూసాలో ఉన్న వ్యవసాయ పరిశోధన సంస్థ వాళ్ళ రకాలే. అసలు క్యారెట్ సాగు మొదలైంది అఫ్గానిస్తాన్ వైపు, అప్పుడు ఉన్నవి ఊదావీ పసుపువీనే, నారింజ రంగు తర్వాత ఎప్పుడో యూరప్‌లో డచ్చివాళ్ళ దగ్గర స్థిరపడిందంట. అంటే మనం వింతగా చూసే రంగులే పాతవన్నమాట.

మన వాతావరణంలో రావు అనేవాళ్ళకి ఒకటే చెప్తాను, రకం చూసి వెయ్యండి. చలి దేశాల రకాల కంటే ఈ దేశవాళీవి వేడికి బాగా తట్టుకుంటాయి. దుంపకి రంగు బాగా ఎక్కాలంటే మాత్రం 15 నుంచి 20 డిగ్రీల మధ్య ఉండాలి, ఎండ ముదిరితే పొట్టిగా వెలిసిపోయినట్టు వస్తాయి. మనకి ఆ చల్లదనం దొరికేది ధనుర్మాసం చుట్టుపక్కలే, కాబట్టి దుంప లావెక్కే టైమ్ అక్కడికి పడేట్టు లెక్క చూసుకోవాలి. నా లెక్క చాలా సింపుల్, నాగుల చవితికి విత్తనం, రథసప్తమికి దుంప. కార్తీక చవితి నుంచి మాఘ సప్తమికి మూడు నెలల మీద మూడు రోజులు, క్యారెట్‌కి పట్టేది కూడా దాదాపు అంతే. ఇంకొంచెం ముందే దసరాకి వేద్దామా అంటే మన జిల్లాలో అక్టోబర్‌ని నమ్మలేం కదా, 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, మూడు తుఫాన్లూ అక్టోబర్లోనే వచ్చాయి. ఆ వానకి సన్న విత్తనం మట్టితో సహా తూములోంచి కిందకి పోద్ది.

మట్టి విషయంలో మనకున్న సుఖం ఇంకెవరికీ లేదనిపిస్తుంది నాకు. ఇసుకకి నాగావళి ఉంది, కొబ్బరి పొట్టుకి ఉద్దానం ఉంది. ఎర్రమట్టి, ఇసుక, పొట్టు, బాగా మాగిన గెత్తం, అదే పశువుల ఎరువు, కలిపి అడుగున్నర లోతు గ్రో బ్యాగుల్లో నింపుతాను. గెత్తం పచ్చిది అయితే మాత్రం వద్దు, దుంప రెండు కాళ్ళు మూడు కాళ్ళు వేసుకుని వస్తుంది, రాయి తగిలినా అంతే. నారు పోసి పీకి నాటడం కూడా దీనికి పనికిరాదు, తల్లి వేరే దుంప అవుతుంది కదా, కదిపితే వంకర తిరుగుతుంది. విత్తనాన్ని పొడి ఇసుకలో కలిపి గీతల్లో జల్లీసి, సన్నగా మట్టి కప్పి, పైన తడి గోనె సంచి పరిచీడమే. మొలక రావడానికి పది పదిహేను రోజులు పట్టొచ్చు, ఆ లోపు పైమట్టి ఒక్క పూట ఎండినా పని అయిపోద్ది, అందుకే గోనె. మొలక కనబడగానే గోనె తీసీయాలి, లేకపోతే పాలిపోయి సాగుతాయి.

తర్వాత చెయ్యాల్సింది పలచన చెయ్యడం, ఇది చెయ్యడానికి ఎవరికీ మనసొప్పదు. మా అత్తయ్య అయితే నేను పీకుతుంటే పక్కన నిలబడి "బతికిన మొక్కని అలాగ పీకీస్తావేటమ్మా" అంటారు, ఆ పీకినవాటిని పెసరపప్పులో వేసి పోపు పెడితే మాత్రం ఆవిడే రెండోసారి వడ్డించుకుంటారు. క్యారెట్ ఆకు తినొచ్చు, లేతప్పుడు కొత్తిమీరకి దగ్గర వాసన వస్తుంది. మొక్కకీ మొక్కకీ రెండంగుళాలు వదలండి. దుంప భుజాలు మట్టిలోంచి పైకి తేలితే మట్టి ఎగదొయ్యండి, ఎండ తగిలిన చోట పచ్చగా మారి చేదెక్కుతుంది. నీళ్ళు ఒకరోజు ముంచీసి నాలుగు రోజులు మర్చిపోతే దుంప నిలువునా పగులుతుంది.

ఇంక వంట. ఇక్కడే చాలామంది నల్ల క్యారెట్‌ని తిట్టుకునేది. ఎరుపు, పసుపు, నారింజల్లో ఉన్న రంగులు నూనెలో కరిగేవి, నీళ్ళలో పోవు. ఎర్ర క్యారెట్ తురుము నేతిలో వేసి తిప్పుతుంటే మూకుడు అంచున నెయ్యి ముందు బంగారంలా మెరిసి, తర్వాత ఎర్రబడుతుంది చూడండి, అదే ఆ రంగు. టమాటాలో ఉండే లైకోపినే ఇందులోనూ ఉంది. అందుకే హల్వాకి ఎర్రదాన్ని మించింది లేదు, పాలు పోసినా ఎర్రగానే ఉంటుంది, పంచదార కూడా తక్కువే పడుతుంది. నల్లదానిది అలాక్కాదు, దాని రంగు ఆంథోసయనిన్, అది నీళ్ళలో కరుగుతుంది. ఉడకబెట్టి నీళ్ళు వంచితే రంగంతా తూములోకే. పైగా పులుపు తగిలితే గులాబీ ఎరుపు, సోడా ఉప్పు తగిలితే నీలం, బూడిద రంగు. మా పక్కింటి వదిన బోరు నీళ్ళలో పప్పుతో కలిపి కుక్కర్లో పెట్టింది, మూత తీస్తే సిమెంట్ రంగు. రుచి బావుంది గానీ పిల్లలు ముట్టలేదు.

కాబట్టి నల్లదాన్ని నీళ్ళకి దూరంగా, పులుపుకి దగ్గరగా ఉంచాలి. నేను చేసేది ఆవ పెట్టిన కూర. ముక్కలు సన్నగా చక్రాల్లాగ తరిగి, పోపు వేగాక నూనెలోనే మూత పెట్టి మగ్గనిచ్చి, కాస్త మెత్తబడగానే చిక్కటి చింతపండు గుజ్జు ఒక చెంచా వేస్తాను, అంతే, అప్పటిదాకా నల్లగా ఉన్న కూర ఒక్కసారి చెర్రీ రంగుకి తిరుగుతుంది. ఆవ ముద్ద విడిగా ముందే సిద్ధం చేసుకోవాలి, నానబెట్టిన ఆవాలు, ఎండుమిర్చి, కొంచెం ఉప్పు, కొబ్బరి ముక్క కలిపి మెత్తగా నూరి పక్కన పెట్టుకుని, పొయ్యి ఆపి కూర వేడి కాస్త తగ్గాకే కలపాలి. పొయ్యి మీద కలిపితే ఘాటు పోయి చేదు మిగుల్తుంది. మన ఉత్తరాంధ్రలో పనసపొట్టుకీ అరటికాయకీ ఆవ పెడతాం కదా, వాటి కంటే ఈ తియ్యటి దుంపకే ఆవ ఎక్కువ నప్పుతుందని నా గట్టి నమ్మకం, అత్తయ్య మాత్రం పనసపొట్టు దగ్గర ఒప్పుకోరు.

ఆవ సంగతి వచ్చింది కాబట్టి కాంజీ అనే పుల్లటి పానీయం గురించి కూడా చెప్తాను. ఉత్తరాది వాళ్ళు చలికాలం పోయే ముందు పెడతారు. నల్ల క్యారెట్ నిలువు ముక్కలు, కాచి చల్లార్చిన నీళ్ళు, ఉప్పు, కచ్చాపచ్చాగా దంచిన ఆవాలు, కారం, అన్నీ జాడీలో వేసి పైన బట్ట కట్టి మూడు నాలుగు రోజులు ఎండలో పెడితే పులిసి దానిమ్మ రంగు నీళ్ళు తయారవుతాయి. పిల్లలు ముఖం చిట్లించారు గానీ మా మావయ్యగారు ఒక గుక్క తాగి "తరవాణిలో ఆవ కలిపినట్టుందే" అని ఇంకో గ్లాసు పోయించుకున్నారు.

పసుపుదానికి నేను పెద్దగా వండేదేం లేదు, పచ్చిదే బావుంటుంది. తురిమి నానిన పెసరపప్పు, పచ్చిమిర్చి, నిమ్మకాయ పిండితే చాలు.

విత్తనం సొంతంగా పట్టుకోవాలంటే ఒక రకాన్నే పూతకి వదలండి. దేశవాళీవి మన దగ్గర కూడా పూస్తాయి, కానీ తేనెటీగలకి ఎరుపూ నలుపూ తేడా ఉండదు, పక్కపక్కన పూస్తే విత్తనం కలిసిపోద్ది. ఈ ఏడు నేను ఎర్రవే రెండు మూడు వదిలాను, నల్లవన్నీ పీకీసి జాడీలోకి పంపించీసాను.