మిద్దెతోట గ్రూపును మాస్టోడాన్‌కూ లెమ్మీకీ తరలిస్తున్నాను: పది వారాల లెక్క

మొదటి వారం

మా మిద్దెతోట గ్రూపు ఆరేళ్ళుగా ఒక పెద్ద సోషల్ మీడియా వేదిక మీద నడుస్తోంది. మే నెలలో నా బెండ మొక్కలకు ఆకుల అడుగున పిండినల్లి పట్టింది. రెండేళ్ళ క్రితం ఖమ్మం పిన్నిగారు దీని గురించి కొలతలతో సహా రాసిన సంగతి గుర్తొచ్చి వెతికాను. గంట వెతికినా దొరకలేదు. ప్రకటనలు, నిన్నమొన్నటి ఫొటోలు తప్ప ఏమీ పైకి రాలేదు. ఆవిడకే ఫోన్ చేస్తే రెండు నిమిషాల్లో చెప్పారు: ముందు నీళ్ళు గట్టిగా కొట్టి పురుగును రాల్చాలి, తర్వాత లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొంచెం సబ్బు నీళ్ళు కలిపి సాయంత్రం పూట ఆకు అడుగున పిచికారీ చేయాలి.

మొక్క బతికింది కానీ మనసు కుదుటపడలేదు. ఇంతమంది చేతులు కాల్చుకుని నేర్చుకున్నది రాసిపెడితే, అవసరమైన రోజు దొరకకపోవడం ఏమిటి? ఆ రాత్రే తరలింపు మొదలుపెట్టాను.

రెండో వారం

మాస్టోడాన్‌లో అకౌంటు తెరిచాను. ఇదీ సోషల్ మీడియానే, కానీ ఒకే కంపెనీది కాదు. వేర్వేరు మనుషులు నడిపే చాలా సర్వర్లు (పోస్టులు దాచే కంప్యూటర్లు) కలిస్తే మాస్టోడాన్. గ్రూపులో అందరూ అడిగిన మొదటి ప్రశ్న, "ఏ సర్వర్‌లో చేరాలి?" నేను చెప్పిన జవాబు ఇది: తెనాలి సుబ్బమ్మ, గుడివాడ సుబ్బమ్మ అంటామే, అలాగే ఇక్కడ పేరు పక్కన ఊరిలా సర్వర్ పేరు ఉంటుంది. ఊళ్ళు వేరైనా మాటలు కలుస్తాయి. ఎందుకంటే సర్వర్లన్నీ యాక్టివిటీపబ్ అనే ఒకే పద్ధతిలో మాట్లాడుకుంటాయి. 2018 జనవరిలో వెబ్ ప్రమాణాలు నిర్ణయించే డబ్ల్యూత్రీసీ అనే సంస్థ దాన్ని ప్రమాణంగా ఆమోదించింది.

సర్వర్ ఎంచుకునే ముందు దాని పరిచయ పేజీలో మూడు విషయాలు చూశాను: ఎవరు నడుపుతున్నారు, ఖర్చు ఎక్కడి నుంచి వస్తోంది, నియమాలు ఏమిటి. తర్వాత నచ్చకపోతే ఇల్లు మారవచ్చు. కొత్త అకౌంటు సెట్టింగ్స్‌లో పాత అకౌంటు చిరునామాను ముందు నమోదు చేసి, ఆపైన పాత దానిలోంచి తరలింపు ఆదేశం ఇవ్వాలి. మనల్ని అనుసరించేవాళ్ళు కొత్తచోటికి వస్తారు, రాసిన పోస్టులు మాత్రం రావు. ఒకసారి మారాక మళ్ళీ మారాలంటే 30 రోజులు ఆగాలి.

మొదటిరోజే మార్చుకోవలసిన సెట్టింగులు రెండున్నాయి. ఒకటి, మన పోస్టులు వెతుకులాటలో కనబడటానికి అనుమతి. అది మనమే ఇవ్వాలి. ఇవ్వకపోతే హ్యాష్‌ట్యాగ్ ద్వారా తప్ప కొత్తవాళ్ళకు దొరకవు. రెండోది, పోస్టు భాషను తెలుగుగా పెట్టడం. భాషను బట్టి వడపోసి చదివేవాళ్ళకు మనం కనబడాలంటే ఇది తప్పదు. నేను వారం రోజులు ఇంగ్లీషు భాష గుర్తుతోనే తెలుగులో రాశాను. ఆ పోస్టులన్నీ తెరిచి భాష మార్చడానికి ఒక సాయంత్రం పట్టింది.

మూడు నుంచి అయిదో వారం దాకా

అసలు కష్టం పాత రాతలది. ఆ వేదిక నుంచి నా డేటా దిగుమతి చేసుకుంటే నేను రాసినవే వచ్చాయి, ఇతరులు రాసినవి రాలేదు. ఒక రకంగా అదే న్యాయం. పిన్నిగారి మాటలు పిన్నిగారివి. అందుకే ఎవరివీ కాపీ చేయకుండా, ఒక్కొక్కరికీ ఫోన్ చేసి "మీవి మీరే తెస్తారా, నన్ను తెమ్మంటారా?" అని అడిగాను.

జేసన్ అనే డేటా ఫార్మాట్‌లో తీసుకున్న ఫైలు తెరిస్తే గుండె ఆగినంత పనైంది. తెలుగు ఒక్క ముక్క లేదు, అంతా పిచ్చి గుర్తులు. ఆరేళ్ళ రాత పోయిందనే అనుకున్నాను. అక్క కొడుకు చూసి పోలేదన్నాడు. అక్షరాలను కంప్యూటర్‌లో దాచే పద్ధతి యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకీ మూడేసి బైట్లు పడతాయి. ఆ వేదికవాళ్ళు ఆ మూడింటినీ మూడు వేర్వేరు లాటిన్ అక్షరాలుగా రాసేశారు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఆ పాఠాన్ని లాటిన్-1 (లాటిన్ అక్షరాలను దాచే పాత పద్ధతి)గా ఎన్‌కోడ్ చేసి, తిరిగి యూటీఎఫ్-8గా డీకోడ్ చేస్తే మొత్తం తెలుగు తిరిగొచ్చింది. ఒక్క లైను పని. ఇదే ఇబ్బంది వచ్చినవాళ్ళు ఫైలు పారేయకండి. పాత అకౌంటును ఇది సరిచూసుకునేదాకా మూసేయకండి.

ఆరో వారం

మాస్టోడాన్ రోజువారీ ముచ్చట్లకు బాగుంది కానీ, ప్రశ్న-జవాబు ఒకచోట నిలవాలంటే లెమ్మీ మేలు. అది యాక్టివిటీపబ్‌తోనే నడిచే చర్చావేదిక. అక్కడ ఒక కమ్యూనిటీ, అంటే ఒక విషయానికి కేటాయించిన చర్చాచోటు, తెరిచాను. మాస్టోడాన్ నుంచే దాన్ని అనుసరించవచ్చు, కమ్యూనిటీ చిరునామాను ప్రస్తావిస్తూ పోస్టు పెడితే అక్కడ చేరుతుంది. మొదటి లైను శీర్షిక అవుతుంది, కాబట్టి "అందరికీ నమస్కారం" అని మొదలుపెట్టకుండా "బీరకు బూడిద తెగులు" అని మొదలుపెట్టమని అందరికీ చెప్పాను.

వేరే సర్వర్‌లో ఉన్న ఒక అన్నకు మా కమ్యూనిటీ ఖాళీగా కనిపించింది. ఆ సర్వర్ నుంచి ఎవరో ఒకరు చేరేదాకా పోస్టులు అక్కడికి సరిగా చేరవట. ఆయన చేరాక కొత్తవి రావడం మొదలైంది. పాతవాటి కోసం మా సర్వర్ పేజీకే రావాలి.

ఎనిమిదో వారం

ఫొటోలకు వివరణ రాయడం అలవాటు చేస్తున్నాం. మా గ్రూపులో చూపు తగ్గిన పెద్దాయన ఒకరున్నారు, ఫోన్ చదివి వినిపిస్తుంది. "నా దొండపాదు" అంటే ఆయనకేం తెలుస్తుంది? "దొండ లేత ఆకులు ఈనెల మధ్య పసుపెక్కాయి, ఈనెలు పచ్చగానే ఉన్నాయి" అని రాస్తే, ఫొటో చూడకుండానే ఇనుము లోపం కావచ్చని ఆయనే చెప్పారు.

పదో వారం

గ్రూపు నుంచి వచ్చినవాళ్ళు నలభై మంది లోపే. నాకు బెంగగానే ఉంది, పాతచోట ఇంకా రోజూ ఒక పోస్టు పెట్టి పిలుస్తున్నాను. లెమ్మీలోని కమ్యూనిటీ కూడా ఒకే సర్వర్ మీద ఆధారపడి ఉంటుంది కనుక నెలకోసారి మంచి జవాబులన్నీ, రాసినవాళ్ళ అనుమతితో, మామూలు టెక్స్ట్ ఫైలుగా ఇంట్లో దాస్తున్నాను.

పిన్నిగారు పిండినల్లి పోస్టును తానే మళ్ళీ రాశారు, పైన పిన్ చేశాను. దాని కింద బెంగళూరు నుంచి ఒక అమ్మాయి చిక్కుడు విత్తనాలు అడిగింది. చిరునామాను మాస్టోడాన్ ప్రైవేటు సందేశంలో పంపొద్దన్నాను. సర్వర్ నడిపేవాళ్ళు వాటిని చదవగలరు కాబట్టి, ఫోన్‌లోనే తీసుకున్నాను. విత్తనాలు ఎండబెట్టి బూడిదలో కలిపి ఉంచాను, శనివారం పోస్టాఫీసుకు వెళ్ళాలి.