రెండున్నరకు మొదలయ్యే రోజు

రాత్రి రెండున్నర. చంటిబిడ్డ ఉన్న ఇంట్లో రోజు తెల్లవారి మొదలవదు, ఈ వేళకే మొదలవుతుంది. ముందు చిన్న మూలుగు. తర్వాత కాళ్ళు తన్నుకోవడం. ఆ తర్వాత మూతి అటూ ఇటూ తిప్పుతూ వెతుక్కోవడం. మూలుగు వినగానే ఎత్తుకోకూడదు. పుట్టిన కొత్తలో పిల్లల నిద్రలో దాదాపు సగం కలత నిద్రే. కళ్ళు మూసే ఉంటాయి, ముఖం చిట్లిస్తారు, కుయ్యిమంటారు, మళ్ళీ సర్దుకుంటారు. పెద్దవాళ్ళ నిద్ర గంటన్నరకో చుట్టు తిరిగితే, వీళ్ళది 50, 60 నిమిషాలకే తిరుగుతుంది. చుట్టు చివర నిద్ర పలచబడిన ఆ క్షణంలో ఎత్తుకుంటే, పడుకోబోయే బిడ్డను మనమే లేపినట్టు. ఒక నిమిషం చూడాలి. మూతి తిప్పుతూ పిడికిలి నోట్లో పెట్టుకుంటోందంటే ఆకలే. అప్పుడిక ఏడుపు దాకా ఆగకూడదు. గుక్కపట్టిన బిడ్డ చన్ను సరిగా అందుకోదు. ఊరుకోబెట్టేసరికి తల్లికీ నిద్ర పూర్తిగా తేలిపోతుంది.

గదిలో వెలుగు ఎంత తక్కువుంటే అంత మేలు. నేలకు దగ్గరగా చిన్న ఎర్రటి దీపం చాలు. ఫోన్ చేతికి అందనంత దూరంలో ఉండాలి, గడియారం గోడవైపు తిప్పి ఉండాలి. ఎన్ని గంటలు పడుకున్నామన్న లెక్క ఒకసారి మొదలైతే మిగిలిన నిద్ర కూడా పోతుంది. డైపర్ మార్చాల్సి వస్తే ఒక పక్క తాగాక, రెండో పక్క పట్టకముందు మార్చాలి. మొత్తం తాగి మత్తుగా పడుకున్నాక మారిస్తే ఆ మత్తంతా వదిలిపోతుంది. దొడ్డికి వెళ్ళకుండా, ఒరుపు లేకుండా, కొంచెం తడిసిందంతే అయితే తెల్లవారేదాకా ఉంచవచ్చు.

పాలిస్తుండగా కునుకు వస్తుంది. అది అలసట ఒక్కటే కాదు, పాలిచ్చేటప్పుడు ఒంట్లో ఊరే హార్మోన్లే మత్తు తెస్తాయి. అందుకే సోఫాలోనో వాలు కుర్చీలోనో కూర్చుని రాత్రి పాలు పట్టడం అన్నిటికన్నా ప్రమాదం. తల్లి చెయ్యి జారితే బిడ్డ దిండ్ల సందులో ఇరుక్కుంటుంది. అదే గదిలో బిడ్డకు వేరే పక్క, గట్టి సమతలమైన పరుపు, వెల్లకిలా పడుకోబెట్టడం: సురక్షితమైన పద్ధతి ఇదే. అయినా నిద్ర ముంచుకొచ్చేలా ఉంటే సోఫా కన్నా మంచమే నయమని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, 2022 సూచనల్లో కూడా ఉంది. బిడ్డ దగ్గర దిండు, దుప్పటి ఉండకూడదు. మెలకువ రాగానే బిడ్డను తన పక్క మీదకు మార్చాలి. ఇంట్లో పొగ తాగేవాళ్ళున్నా, పక్కనున్నవాళ్ళు మద్యం గానీ మత్తు మందు గానీ తీసుకున్నా, బిడ్డ నెలలు నిండకుండా పుట్టినా ఈ పాటి వెసులుబాటు కూడా లేదు.

ఇక అసలు కష్టం, పడుకోబెట్టడం. చేతుల్లో ఉన్నంతసేపూ హాయిగా పడుకున్న బిడ్డ పక్క మీదకు దించగానే కళ్ళు తెరుస్తుంది. జపాన్‌లోని రికెన్ అనే పరిశోధన సంస్థ వాళ్ళు 21 మంది పసిపిల్లల గుండె వేగాన్ని కొలుస్తూ దీన్నే చూశారు. 2022లో వచ్చిన ఆ ఫలితం ప్రకారం బిడ్డను లేపేది వీపుకు పక్క తగలడం కాదు, తల్లి ఒంటి నుంచి విడివడడం. వాళ్ళు చెప్పిన పద్ధతి ఇది: ఏడుస్తున్న బిడ్డను ఎత్తుకుని ఆగకుండా 5 నిమిషాలు నడవాలి, నిద్రపోయాక కూర్చుని ఇంకో 5 నుంచి 8 నిమిషాలు ఒళ్ళోనే ఉంచుకోవాలి, ఆ తర్వాతే దించాలి. చెయ్యి ఎత్తి వదిలితే గుడ్డపేలికలా పడిపోవాలి, పిడికిలి విచ్చుకుని ఉండాలి. దించేటప్పుడు ముందు పిరుదులు, తర్వాత వీపు, చివర తల. తల ముందు వాలితే పడిపోతున్నట్టు అనిపించి చేతులు విసురుతుంది. దించాక కూడా అరచెయ్యి ఛాతీ మీద ఒక నిమిషం ఉంచి, బరువు కొంచెం కొంచెంగా తగ్గిస్తూ తీయాలి. ఓపిక లేక ఆ ఎనిమిది నిమిషాలు మిగుల్చుకోబోతే అరగంట పోతుంది.

పొద్దున ఏడు. కిటికీ తెరలు తీసి బిడ్డను వెలుతురులో ఉంచాలి. రాత్రీ పగలూ తెలిసే గడియారం పిల్లల ఒంట్లో రెండు మూడు నెలలకు గానీ కుదురుకోదు. పగలు వెలుతురు, చప్పుడు, మాటలు, రాత్రి చీకటి, మౌనం, వాళ్ళకు నేర్పగలిగిందంతా ఇంతే. కాఫీ తాగాలంటే ఇదే సమయం. కప్పుకు సుమారు 100 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. పాలిచ్చే తల్లి రోజుకు 300 దాటకూడదు. ఒంట్లో చేరిన కెఫీన్‌లో సగం పెద్దవాళ్ళ ఒంట్లోంచి ఐదారు గంటల్లో పోతే, అప్పుడే పుట్టిన బిడ్డ ఒంట్లోంచి పోవడానికి మూడు రోజులకు పైనే పడుతుంది. సాయంత్రం కాఫీ తల్లి నిద్రనే ముందు చెడగొడుతుంది.

పగటి కునుకు. బిడ్డ పడుకున్నప్పుడు నువ్వూ పడుకో అని అందరూ చెప్తారు, ఎంతసేపో ఎవరూ చెప్పరు. 20, 25 నిమిషాల్లో లేవాలి, లేదా పూర్తిగా గంటన్నర పడుకోవాలి. ముప్పావుగంటకు లేస్తే గాఢనిద్ర మధ్యలోంచి లేచినట్టు, ఇంకో అరగంట తల దిమ్ముగానే ఉంటుంది. నిద్ర రాకపోతే కళ్ళు మూసుకుని పడుకున్నా చాలు.

సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా బిడ్డ చన్ను వదలదు. అరగంటకోసారి అడుగుతుంది, ఊరికే చిరాకు పడుతుంది. పాలు చాలడం లేదన్న మాట ఇంట్లో లేచేది ఈ వేళకే. ఆ మాట తల్లి గుండెను కోసేస్తుంది, చాలాసార్లు నిజం కూడా కాదు. లెక్కలు చూడాలి. మొదటి వారం దాటాక రోజుకు కనీసం 6 సార్లు డైపర్ బాగా తడుస్తోందా? మొదటి మూడు నెలల్లో రోజుకు 20 నుంచి 30 గ్రాముల చొప్పున బరువు పెరుగుతోందా? ఈ రెండూ ఉంటే పాలున్నట్టే. 24 గంటల్లో 8 నుంచి 12 సార్లు తాగడం మామూలే. పాలు ఊరించే హార్మోన్ ప్రొలాక్టిన్ రాత్రిపూటే ఎక్కువ. రాత్రి పాలు ఒక్కసారిగా మానేసి సీసా పట్టి, ఆ సమయానికి పాలు పిండి తీయకపోతే, నిజంగానే పాలు తగ్గుతాయి.

రాత్రి ఎనిమిదిన్నర. నా దృష్టిలో రోజు మొత్తం మీద కాపాడుకోవాల్సింది ఈ గంటే. ముక్కలుముక్కలుగా ఎనిమిది గంటలు పడుకున్నదానికన్నా, ఏకబిగిన నాలుగు గంటలు పడుకుని పైన రెండు కునుకులు తీసిన మనిషి తెల్లారి తేరుకుని ఉంటుంది. ఎనిమిదింపావుకు కడుపునిండా పాలు పట్టి, బిడ్డను ఇంట్లో ఇంకొకరికి అప్పగించి, తల్లి వేరే గదిలో తలుపేసుకుని పడుకోవాలి. పన్నెండు ముప్పావు దాకా ఆ తలుపు తెరవకూడదు. మధ్యలో బిడ్డ లేస్తే ముందు డైపర్, తర్వాత ఎత్తుకుని నడక, అప్పటికీ ఆగకపోతే పిండి పెట్టిన పాలు, 60 నుంచి 90 మిల్లీలీటర్లు. ఈ పాలు పొద్దున మొదటిసారి బిడ్డ తాగాక పిండితే తేలిగ్గా వస్తాయి. గది 25 డిగ్రీలు దాటకుంటే బయట 4 గంటలు, ఫ్రిజ్ లోపలి వైపు 4 రోజులు నిలవుంటాయి. బిడ్డ తాగగా మిగిలినవి రెండు గంటలు దాటితే పారబోయాలి. మొదటి నెల నెలన్నర సీసా వద్దనుకుంటే బిడ్డను తల్లి పక్కకు తెచ్చి, దీపం వేయకుండా పాలు పట్టించి, మళ్ళీ తీసుకెళ్ళిపోవాలి. తేన్పు తీయడం, జోకొట్టడం తీసుకెళ్ళినవాళ్ళ పని. నాలుగు గంటలు కాకముందే రొమ్ములు రాయిలా గట్టిపడితే మాత్రం లేచి కాస్త పిండాలి, గడ్డకట్టనివ్వకూడదు.

బిడ్డ పడుకున్నా, ఎవరో చూసుకుంటున్నా, తల్లికి నిద్ర పట్టకపోవడం వేరే సంగతి. అది రెండు వారాలు దాటి సాగినా, దిగులు వదలకపోయినా డాక్టరుకు చెప్పాలి. ప్రసవం తర్వాత వచ్చే కుంగుబాటు కావచ్చు, రక్తహీనత గానీ థైరాయిడ్ గానీ కావచ్చు, అన్నిటికీ వైద్యం ఉంది. నిద్రమాత్ర మాత్రం సొంతంగా వేసుకోకూడదు. ఏ మాత్రం ఆలోచన చెడ్డగా వచ్చినా, తనను గానీ బిడ్డను గానీ ఏదైనా చేసుకోవాలనిపించినా, తెల్లారేదాకా ఆగకుండా పక్కవాళ్ళను లేపాలి. ఇక బిడ్డ విషయంలో, మూడు నెలల లోపు 38 డిగ్రీల జ్వరం వచ్చినా, లేపినా లేవకుండా పాలు మానేసినా ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్ళాలి. 17 గంటలు మేలుకున్న మనిషి తీరు కాస్త తాగిన మనిషి తీరులా ఉంటుందని 1997లోనే కొలిచి చూపారు. అందుకే ఆసుపత్రికి బండి నడిపేది మాత్రం తల్లి కాకూడదు.

పన్నెండు ముప్పావుకు చేతులు మారతాయి. ఎప్పుడు తాగింది, ఎంత తాగింది, డైపర్ ఎప్పుడు మార్చారు, ఒక చీటీ మీద మూడు ముక్కలు రాసి మంచం పక్కన పెడితే చాలు. మాట్లాడుకోనక్కర్లేదు, దీపం వేయనక్కర్లేదు.