మామయ్య డీఎక్స్7, నాలుగు వందల రూపాయల కేబులు

మా మేనమామ పెళ్లి ఆర్కెస్ట్రాల్లో ఏళ్ల తరబడి వాయించిన యమహా డీఎక్స్7 అనే సింథ్‌ను (శబ్దాలను ఎలక్ట్రానిక్ పద్ధతిలో పుట్టించే కీబోర్డును) నా గదిలోని కంప్యూటరుతో కలిపే పని నిన్న రాత్రికి పూర్తయింది. 1983లో వచ్చిన ఆ వాయిద్యానికి వెనకవైపు ఐదు పిన్నుల మిడి (వాయిద్యాలు, కంప్యూటర్లు స్వరాల సమాచారాన్ని ఇచ్చిపుచ్చుకునే పద్ధతి) సాకెట్లు ఉన్నాయి కనుక రెండు రోజుల్లో తేలిపోతుందనుకున్న పనికి నెలన్నర పట్టింది.

లోపలి బ్యాటరీ అయిపోయి, దాచుకున్న శబ్దాలన్నీ చెరిగిపోయాయి. బోర్డుకు సోల్డరింగ్ చేసి ఉన్న మూడు వోల్టుల సీఆర్2032ను తీసి, దాని స్థానంలో హోల్డరు అమర్చడం గంట పని. ల్యాప్‌టాప్ ఛార్జరు పెట్టగానే స్పీకర్లలో మొదలయ్యే గుయ్‌మనే రొద, మధ్యలో ట్రాన్స్‌ఫార్మరు ఉన్న డీఐ బాక్సు (వాయిద్యం ధ్వని సంకేతాన్ని రికార్డింగుకు తగినట్టు మార్చే చిన్న పెట్టె) పెట్టడంతో ఆగిపోయింది.

నన్ను ఏడిపించినది మాత్రం చెరిగిపోయిన 32 శబ్దాల బ్యాంకును కంప్యూటరు నుంచి తిరిగి ఎక్కించడం. కంప్యూటరులో రాసిన స్వరాలను కీబోర్డు చక్కగా అందుకొని పలికేది, కానీ బ్యాంకు పంపితే ఒక్కోసారి తెర మీద దోషమని చూపేది, ఒక్కోసారి ఉలుకూ పలుకూ ఉండేది కాదు. పదిహేను రోజులు కుస్తీ పట్టి, చివరకు పదమూడు కిలోలకు పైగా బరువున్న ఆ పెట్టెను ఆటోలో వేసుకొని, ఊళ్లో పేరున్న ఒక మరమ్మతు దుకాణానికి తీసుకువెళ్లాను. అక్కడి పెద్దమనిషి మూత కూడా తెరవకుండానే, "బోర్డు పోయింది సార్. ఈ శబ్దాలన్నీ కంప్యూటర్లో ఉచితంగా వస్తుంటే ఈ శవాన్ని ఎందుకు మోసుకొచ్చారు?" అన్నాడు. గిటారు తీగలు కొనుక్కోవడానికి వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు పకపకా నవ్వారు. నిజంగానే బోర్డు పోయి ఉంటే స్వరాలెలా పలుకుతున్నాయని అడగడం ఆ క్షణాన నాకు తోచలేదు. ఇంటికి వచ్చాక తోచింది, అప్పటి నుంచి నిద్ర పట్టలేదు.

దోషాలు రెండున్నాయి. మొదటిది నాదే. ఇంటర్నల్ మెమరీ ప్రొటెక్ట్ (లోపలి శబ్దాలు పొరపాటున చెరిగిపోకుండా వేసే తాళం) తీసేయాలని తెలుసు గాని, ఫంక్షన్ వరుసలోని ఎనిమిదో మీటను మళ్లీ నొక్కి, సిస్ ఇన్ఫో అన్న చోట అన్‌అవైల్‌ను అవైల్‌గా మార్చాలని తెలియదు. అది మార్చనిదే కీబోర్డు స్వరాలను వింటుంది గాని బ్యాంకును లోపలికి రానివ్వదు. ఇది మార్చాక కూడా సగంలో ఆగిపోతుంటే, అనుమానం నాలుగు వందల రూపాయల యూఎస్‌బీ మిడి కేబులు మీదికి మళ్లింది. ఒక స్వరానికి మూడు బైట్లు చాలు; బ్యాంకు మొత్తం 4,104 బైట్లు, ఒకే సందేశంగా వెళ్లాలి. మిడి తీగలో సెకనుకు 3,125 బైట్లకు మించి నడవవు కనుక దానికి సెకనుంబావు పైనే పడుతుంది. కంప్యూటరు మాత్రం అంతా ఒక్కసారిగా కుమ్మరిస్తుంది. మధ్యనున్న చిప్పు ఆ సరుకును పట్టి ఉంచి, నిదానంగా వదలాలి. నా కేబులులోని చిప్పు పట్టలేనిదాన్ని పారబోస్తోంది. పాత సింథ్ కొన్నవారెవరైనా ఈ కేబులు జోలికి పోవద్దు, ఎంత చవకైనా సరే. మరమ్మతు దుకాణాల జోలికి కూడా పోవద్దని చెప్పాలనిపిస్తోంది గాని, అది నా కోపం.

మిత్రుడి దగ్గర నుంచి ఐదు పిన్నుల మిడి సాకెట్లున్న ఆడియో ఇంటర్‌ఫేసు (వాయిద్యాన్ని కంప్యూటరుకు కలిపే పెట్టె) అరువు తెచ్చి, డీఎక్స్7ను అనుకరించే డెక్స్‌డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు నుంచి మళ్లీ పంపాను. ఆ పెద్దమనిషి చెప్పిన ఉచిత శబ్దాల సాఫ్ట్‌వేరు ఇలాంటిదేనేమో. అదే అతను పాతిపెట్టమన్న పెట్టెకు ప్రాణం పోసింది. బఫరును (కంప్యూటరు ఒక్కో విడతలో పోగుచేసుకునే ధ్వని ముక్కను) 128 శాంపిళ్లకు తగ్గించాక రికార్డింగులో ఆలస్యం చెవికి ఆనలేదు.

రాత్రి పదకొండో మీట నొక్కాను. తెర మీద "ఇ.పియానో 1" (ఎలక్ట్రిక్ పియానో) అని వచ్చింది. మామయ్యకు ఫోను చేసి, మాట్లాడకుండా ఫోనును స్పీకరు దగ్గర పెట్టి, రెండు కార్డ్స్ (కలిపి నొక్కే స్వరాల గుత్తులు) వాయించాను. "సస్టెయిన్ పెడల్ పెట్టలేదేంరా?" అన్నాడు.