బావురు పిల్లి మొహం, రెండడుగుల దూరంలో

పెద్ద లెన్సు లేకుండా అడవి జంతువుల ఫొటోలు ఎలా తీస్తావని అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు. నన్నడిగితే బావురు పిల్లికి, అదే ఫిషింగ్ క్యాట్‌కి, పెద్ద లెన్సు శుద్ధ దండగ. 600 ఎంఎం లెన్సు పెట్టి దూరాన్నుంచి తీస్తే ఆకుల మధ్య ఒక మొహం వస్తుంది, వెనకంతా మసక, ఇక అది సుందర్బన్స్ పిల్లో చిల్కా పిల్లో మన కాకినాడ పక్కన కోరంగి పిల్లో ఎవడు చెప్పగలడు? నాకు పిల్లితో పాటు అది బతికే చోటు కూడా కావాలి. బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన మడ వేర్లు, రొయ్యల చెరువు గట్టు, చెరువు నీళ్లని చిలికి గాలి పట్టించే ఏరేటర్ల పక్కన స్తంభానికి వెలిగే బల్బు, ఇవన్నీ. అవి ఒకే ఫ్రేములో పడాలంటే చుట్టూ ఎక్కువ మేర పట్టే వైడ్ లెన్సు పెట్టాలి, వైడ్ లెన్సులో పిల్లి పిల్లిలా కనపడాలంటే అది కెమెరాకి రెండడుగుల దూరంలోకి రావాలి, మనిషి వాసన ఉన్నచోట అది రెండొందల అడుగుల్లోకి కూడా రాదు. అంచేత కెమెరాని వదిలేసి మనం ఇంటికి పోవాలి.

చూడనివాళ్ల కోసం: మన ఇంటి పిల్లికి దాదాపు రెట్టింపు ఉంటుంది, పెద్ద మగది 16 కిలోల దాకా తూగుతుంది. బూడిద రంగు ఒళ్లు, వరసగా నల్ల చుక్కలు, పొట్టి తోక, వేళ్ల మధ్య కొంచెం పొర. నీళ్లంటే భయం లేదు, మునిగి మరీ చేపని పట్టుకొస్తుంది. గోదావరి జిల్లాల్లో దీన్ని చూసి చిరుత పిల్ల తిరుగుతోందని ఊరంతా హడావుడి పడిన సందర్భాలు ఉన్నాయి. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఇది షెడ్యూల్ 1 జంతువు, అంటే పులికి ఎంత రక్షణ ఉందో దీనికీ అంతే.

కోరంగి అభయారణ్యం 235 చదరపు కిలోమీటర్లు. లోపల కెమెరా పెట్టాలంటే అటవీ శాఖ అనుమతి ఉండాలి, దొంగచాటుగా పెట్టే ఆలోచన ఉంటే ఈ పోస్టు ఇక్కడితో ఆపేయండి. అయినా లోపలికే వెళ్లాలని లేదు. మడ అడవి అంచున ఉన్న చెరువుల గట్ల మీదకి పిల్లే వస్తుంది. నేను పెట్టింది తెలిసిన రైతు చెరువు దగ్గర, ఆయన్ని అడిగి.

ఎక్కడ పెట్టాలన్నదే అసలు విద్య. గట్టు మీద అడుగులు కనపడ్డ చోటల్లా పెట్టుకుంటూ పోతే నక్కలు, కుక్కలు, కొంగలు పడతాయి. నాకు దారి చూపించింది ఆ చెరువు కాపలా ఆయన. "గట్టంతా ఎందుకండి బాబూ, తూము కాడ పెట్టండి. పోటు నీళ్లు తిరిగేటప్పుడు అక్కడే కూర్చుంటదండి" అన్నాడు. పుస్తకాల్లో ఎంత వెతికినా ఈ ముక్క నాకు దొరికేది కాదు. కాలవలోకి పోటు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు తూము దగ్గర నీళ్లు సుడి తిరుగుతాయి, చిన్న చేపలన్నీ అక్కడ పోగవుతాయి, పిల్లి సిమెంటు అంచు మీద కూర్చుని పంజాతో నీళ్లు తడుముతుంది. పోటు రోజుకి సుమారు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతూ ఉంటుంది కాబట్టి, రాత్రి పూట, అందులోనూ మనుషుల అలికిడి లేని వేళకి నీళ్లు తిరిగే రోజులు ఏవో ముందే లెక్కేసుకోవచ్చు. అమావాస్యకి, పున్నమికి నీళ్లు ఇంకా పైకొస్తాయి, ఆ రోజుల్లో స్టాండు ఎత్తు పెంచకపోతే కెమెరా కాలవపాలే.

ఇక సామాను. పాత డీఎస్ఎల్ఆర్, నీళ్లు చొరని పెట్టె, కదలికని పట్టే సెన్సరు, మూడు ఫ్లాషులు. సెన్సరు నిజానికి చూసేది కదలికని కాదు, వేడిలో తేడాని. ఎండాకాలం కాకినాడ వేడిలో గట్టుకీ పిల్లికీ వేడిలో తేడా తగ్గిపోయి సెన్సరు మొద్దు నిద్ర పోతుంది, దానికి తోడు నీళ్లలోంచి అప్పుడే లేచిన పిల్లికి బొచ్చు తడిసి ఒంటి వేడి బయటికి కనపడదు. అందుకే చలికాలమే నయం. లేదంటే రెండు వైపులా పెట్టే బీమ్ సెన్సరు వాడాలి, మధ్యలో ఏది అడ్డొచ్చినా క్లిక్ అంటుంది, పీతతో సహా.

ఫ్లాషుల్ని లెన్సుకి దూరంగా, పక్కలకి, ఎత్తులో పెట్టాలి. లెన్సు పక్కనే పెడితే కళ్లు రెండూ టార్చిలైట్లలా వెలిగిపోయి మొహంలో ఇంకేమీ కనపడదు. పవర్ పదహారో వంతుకి తగ్గిస్తే బ్యాటరీలు ఎక్కువ రాత్రులు ఆగుతాయి, వెలుగు మెరిసే సమయమూ తగ్గి నీటి చుక్కలు గాల్లో ఆగినట్టు పడతాయి, పిల్లి కళ్లకీ బాధ తక్కువ. కెమెరా ఎత్తు పిల్లి కంటి ఎత్తుకి మించకూడదు, అంటే నేల మీంచి అడుగు. మనిషి ఎత్తు నుంచి తీస్తే ఎంత గొప్ప జంతువైనా పెరట్లో పిల్లిలాగే ఉంటుంది.

చిక్కంతా ఆ బల్బుతో. షట్టర్ వేగంగా పెడితే వెనకంతా చీకటి, చెరువు ఉన్నట్టే తెలీదు. నెమ్మదిగా పెడితే బల్బు పడుతుంది కానీ, ఫ్లాషు అయిపోయాక పిల్లి ఒక్క అంగుళం కదిలినా బల్బు దాని చెవిలోంచి వెలుగుతుంది! అలాంటి ఫొటోలు నా దగ్గర బోలెడున్నాయి, మా పిల్లలు వాటికి దయ్యం పిల్లులని పేరు పెట్టారు. చివరికి పావు సెకనుతో సర్దుకున్నాను. లాస్ ఏంజెలెస్‌లో హాలీవుడ్ అక్షరాల కింద నడుస్తున్న కూగర్ (అమెరికా అడవుల్లో ఉండే పెద్ద పిల్లి) ఫొటో మీలో చాలామంది చూసే ఉంటారు, స్టీవ్ వింటర్ తీసింది, 2013లో నేషనల్ జియోగ్రాఫిక్‌లో వచ్చింది. అదీ ఇలా కెమెరా పెట్టి వదిలేసి, నెలల తరబడి ఎదురుచూసి తీసిందే. అందులోంచి ఆ అక్షరాలు తీసేయండి, ఇంకేం మిగులుతుంది?

నాకు పడిన ఫొటోలో పిల్లి సరిగ్గా లెన్సులోకి చూస్తోంది. ముక్కు మీద పాత గాటు, మీసాల చివర నీటి చుక్కలు, పక్కన తూము చెక్క, వెనక బల్బు, బల్బు కింద ఏరేటరు చిమ్మే నురగ. నోట్లో చేప లేదు. చేప ఉంటే లైకులు ఇంకా వచ్చేవేమో. ఎర వేసి ఉంటే ఎప్పుడో పడేది కూడా, కానీ ఆ పని చెయ్యను. ఎరకి అలవాటు పడ్డ పిల్లి పగటిపూట కూడా ఆ గట్టు మీదకే వస్తుంది, అక్కడ కుక్కలుంటాయి, వలలుంటాయి, కోపం వచ్చినవాళ్ల చేతిలో కర్రలూ ఉంటాయి.

రైతుకి ఫొటో చూపిస్తే ముందు ఆయన అడిగింది, "ఇది మన రొయ్యలు తినేస్తదా?" అని. ఎక్కువగా తినేది చేపలు, ఆ తర్వాత పీతలు, ఎలుకలు, పక్షులు అని చెప్పాను. పీతలూ ఎలుకలూ గట్టుకి బొక్కలు పెట్టేవే కదా అని కాపలా ఆయనే అందుకున్నాడు. రైతు ఒప్పుకున్నాడో లేదో తెలీదు గానీ ఫొటో మాత్రం వాట్సాప్‌లో పంపమన్నాడు. లొకేషన్ వివరాలు తీసేసే పంపాను.

మీరూ ఆ చెరువు ఎక్కడని మెసేజీలు పెట్టకండి, చెప్పను. సెన్సరు వైరింగు, పెట్టెకి ఉప్పుగాలి తగలకుండా చేసే పద్ధతి, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు ఎన్నాళ్లకి మార్చాలి, ఇలాంటివి ఎన్నైనా అడగండి.