కొత్తపట్నం బీచ్ నుంచి ఇప్పుడే ఇంటికొచ్చా

చెప్పుల్లో ఇంకా ఇసుకే. ఒంగోలు నుంచి దాదాపు 18 కిలోమీటర్లు, అయినా మూడేళ్లుగా వెళ్లలేదు. ఈసారి పెద్దనాన్నను బైక్ మీద ఎక్కించుకుని బయల్దేరా.

దారిలో బకింగ్‌హాం కాలువ దగ్గర ఆపమన్నారు. "దీన్ని చూస్తే ఏమనుకుంటావురా? ఒకప్పుడు సరుకంతా పడవల మీద దీంట్లోనే మద్రాసు పోయేది" అన్నారు. ఇప్పుడు చూస్తే గుర్రపుడెక్క, పాచి. నమ్మబుద్ధి కాలేదు.

తీరానికి చేరాక అసలు కథ చెప్పారు. 1937లో ఇక్కడే సోషలిస్టులు వేసవి రాజకీయ పాఠశాల పెట్టారట. ప్రభుత్వం నిషేధించినా యువకులు వచ్చారట, లాఠీలు కూడా విరిగాయట. అప్పటికి ప్రకాశం జిల్లా లేదు, ఇదంతా గుంటూరు జిల్లానే. మన జిల్లా 1970లో పుట్టింది. ఇన్నిసార్లు వచ్చి జీడిపప్పు, సెల్ఫీలు తప్ప ఏమీ పట్టించుకోలేదు నేను!

సరుగుడు చెట్ల నీడ, ఒడ్డున పడవలు, వలలు సర్దుకుంటున్న మత్స్యకారులు. అలలు మాత్రం బలంగా లాగుతున్నాయి, మోకాలి లోతు దాటలేదు. కార్తీక మాసంలో అయితే కాలు పెట్టే చోటుండదు, అందుకే మామూలు రోజున వెళ్లడమే మేలు. ఒక బండి దగ్గర చేపల వేపుడు ప్లేటుకు ధర అడగకుండా తిన్నా, అది నా తప్పే. పర్సు ఖాళీ. పెద్దనాన్న పగలబడి నవ్వారు.

వచ్చే ఆదివారం కాకతీయుల కాలం నాటి ఓడరేవు మోటుపల్లి వెళ్దామంటున్నారు. కాకతీయ గణపతిదేవుడు 1244లో విదేశీ వర్తకులకు అభయమిచ్చిన శాసనం అక్కడే ఉందట. ఎవరైనా వస్తారా?