పెద్దమ్మ శాలువా: 96వ వరస దాకా వచ్చాను

పండక్కి ఇంకా మూడు వారాలుంది. ప్రతి పండక్కీ మా అందరికీ గుర్తుపెట్టుకుని ఏదో ఒకటి తెచ్చి, తన దగ్గరకొచ్చేసరికి "నాకేం వద్దమ్మా, అన్నీ ఉన్నాయి" అనే మనిషి మా పెద్దమ్మ. అందుకే ఈసారి క్రోషే (కొక్కెం సూదితో అల్లే) పని మొత్తం ఆమె కోసమే, ఒక శాలువా.

మొదట విసనకర్ర ఆకారాల లేసు డిజైన్ మొదలుపెట్టాను. 20 వరసలయ్యాక భుజాన వేసుకుని ఇల్లంతా తిరిగి చూస్తే ఆ కన్నాల్లో తలుపు గడియ ఇరుక్కుంది, నా వేలూ ఇరుక్కుంది. పెద్దమ్మ వేళ్లు సరిగ్గా వంగవు, పొద్దున పూట అయితే మరీ. డిజైన్ నాకు నచ్చిందని పట్టుకున్నానే గానీ ఆమె దాన్ని ఎలా కప్పుకుంటుందో ఆలోచించలేదు. మొత్తం విప్పేశాను.

ఇప్పుడు 5 మిల్లీమీటర్ల సూది, అంతా హాఫ్ డబుల్ క్రోషే అనే మధ్యస్థం ఎత్తు కుట్టే, ఎక్కడా పెద్ద కన్నాల్లేవు. ముందు చిన్న ముక్క అల్లి కొలిస్తే 10 సెంటీమీటర్లకు 14 కుట్లు, 10 వరసలు వచ్చాయి. నాకు 45 సెంటీమీటర్ల వెడల్పు కావాలి కాబట్టి 63 కుట్లు, పొడవు 150 కాబట్టి 150 వరసలు. మొదలుకి గొలుసు కుట్లు 65 వేసి, సూది నుంచి మూడో గొలుసులో మొదటి కుట్టు వేశాను, వదిలిన రెండు గొలుసులు వరస ఎత్తు కోసం.

దారం యాక్రిలిక్, అంటే కృత్రిమ ఊలు. అసలు ఉన్నితో చేద్దామనే అనుకున్నాను, కానీ ఎవరో ఇచ్చిన ఉన్ని శాలువాను ఉతికితే పాడైపోతుందేమోనన్న భయంతో ఆమె మడతపెట్టి బీరువాలోనే ఉంచేసింది. ఇది రోజూ కప్పుకోవాలి, మెషీన్‌లో పడేసి ఉతుక్కోవాలి. 100 గ్రాముల ఉండలు 5, అన్నీ ఒకే డై లాట్ నంబరువి (ఒకే విడతలో రంగు వేసినవి) ఒకేసారి కొన్నాను, తర్వాత కొంటే రంగులో తేడా తెలిసిపోతుంది. మూడో ఉండ సగం దాటింది. ఒక్క జాగ్రత్త, యాక్రిలిక్‌కి వేడి ఇస్త్రీపెట్టె తగలనివ్వకూడదు, ఒకసారి చదునైపోతే మళ్లీ మామూలుగా అవ్వదు.

పోయిన వారం ఒక తప్పు జరిగింది. అంచు లోపలికి వస్తోందని లెక్కపెడితే 58 కుట్లే ఉన్నాయి! వరస చివరి కుట్టు, తిప్పేటప్పుడు వేసే గొలుసు చాటున ఉండి కనిపించట్లేదు, దాన్ని వదిలేస్తూ వచ్చాను. 22 వరసలు విప్పాల్సి వచ్చింది, ఆ రాత్రి చాలా బాధేసింది. ఇప్పుడు ప్రతి వరసకీ మొదటి కుట్టులో ఒక పిన్ను పెడుతున్నా, తిరిగి వచ్చేటప్పుడు ఆఖరి కుట్టు అదే.

వరసకి ఆరు నిమిషాలు పడుతోంది, ఇంకా 54 ఉన్నాయి, రోజుకు మూడు అల్లితే చాలు.

శాలువా భుజం మీంచి జారకుండా ముందువైపు ఒక బొత్తాం పెడుతున్నాను, 3 సెంటీమీటర్లది, దానికి 10 గొలుసుల ఉచ్చు, కొంచెం వదులుగా. మందపాటి గ్లవ్స్ తొడుక్కుని, చూడకుండా, ఒంటి చేత్తో పెట్టి తీసి చూశాను. మూడోసారికి సులువుగా దూరింది.