ఎంఎంటీఎస్‌పై ఒక అర్జీ

ఆదివారం, రాత్రి.

హైదరాబాద్‌లో నడిచే ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లను మెరుగుపరచడానికి ప్రయాణికుడిగా నాకు తోచిన సూచనలను రైల్వే అధికారులకు రాసి పంపాలని ఎన్నాళ్లుగానో అనుకుంటూ, చివరికి ఈ ఉదయం కాఫీ తాగి కాగితం ముందేసుకుని కూర్చున్నాను. చందానగర్ నుంచి బేగంపేటకు ఏళ్ల తరబడి సీజన్ టికెట్ మీద తిరుగుతున్నవాణ్ణి కనుక అరగంటలో పని తెమిలిపోతుందనుకున్నాను. తెమలలేదు.

"రైళ్ల సంఖ్య పెంచగలరు" అన్న మొదటి వాక్యం దగ్గరే కలం ఆగింది. 2003 ఆగస్టు 9న తొలి బండి కదిలిన నాటి నుంచి అర్జీ రాసిన ప్రతివారూ ఈ మాటే రాసి ఉంటారు. లింగంపల్లి, సికింద్రాబాద్ మధ్య మన లోకల్‌కు సొంత పట్టాలు లేవు. వికారాబాద్ మీదుగా ముంబై వైపు వెళ్లే ఎక్స్‌ప్రెస్‌లూ గూడ్సు బళ్లూ ఆ పట్టాల మీదే నడవాలి కాబట్టి, ఒక లోకల్‌ను అదనంగా వేయడమంటే వాటి నడుమ ఖాళీ వెతకడమే. ఎంఎంటీఎస్ రెండో దశలో మౌలాలి, సనత్‌నగర్ మధ్య రెండో లైను వేసి, 2024 మార్చిలో ఘట్‌కేసర్ నుంచి లింగంపల్లికి సికింద్రాబాద్ స్టేషన్‌లోకి వెళ్లకుండానే బండి నడిపారంటే, ఆ ఖాళీని కొత్త పట్టాలతో సంపాదించుకున్నారన్నమాట. అందుచేత సంఖ్య మాట కొట్టేసి, ఉన్న బళ్లనే ప్రతి గంటా అదే నిమిషానికి వచ్చేలా సర్దమని రాశాను. పదీ పది, పదకొండూ పది, పన్నెండూ పది అని నోటికొచ్చే వేళలుంటే టైంటేబుల్‌తో పనే ఉండదు. ఈ వాక్యానికి కాస్త గర్వపడ్డాను కూడా.

మా అమ్మాయి చదివి, "ఇది రైలెక్కేవాళ్ల అర్జీ నాన్నా. ఎక్కడం మానేసినవాళ్లను అడిగావా?" అంది. తనూ మానేసినవాళ్లలోనే ఉంది. హైటెక్ సిటీ స్టేషన్‌లో దిగాక ఆఫీసు గేటు దాకా ఆటోకు ఇచ్చేది రైలు టికెట్టుకు ఎన్నో రెట్లని, అందుకని ఇంటి దగ్గర సొంత బండి తీస్తే ఆఫీసులోనే ఆపుతానని దాని లెక్క.

సాయంత్రం కూరగాయలకు వెళ్లినప్పుడు, ఒకప్పుడు నాతోపాటు అదే పెట్టెలో గంపతో ప్రయాణించిన ముసలమ్మను అడిగాను. ఆర్టీసీ బస్సుల్లో ఆడవారికి 2023 డిసెంబరు 9 నుంచి టికెట్టు లేదు కనుక అదే కారణమై ఉంటుందని నా ఊహ. "ఫ్రీ నిన్నమొన్నటి ముచ్చట సారూ. అంతకుముందు నుంచే బస్సుకు పోతున్న. నెత్తి మీద గంపతోని ఆ వంతెన మెట్లు ఎట్ల ఎక్కాలె?" అంది. రైలు అయిదు రూపాయల కనీస ఛార్జీని వెనకేసుకుని నేను వాదించబోయిన వాదమంతా అక్కడే ఆగిపోయింది. అన్నేళ్లు అవే మెట్లు ఎక్కి దిగిన నాకు అవి ఒక సమస్యగా ఎన్నడూ కనిపించలేదని ఒప్పుకోవాలి.

ఇంటికొచ్చి అర్జీ మళ్లీ మొదటి నుంచి రాశాను. మెట్ల దగ్గర ర్యాంపుగానీ లిఫ్టుగానీ కావాలన్నది మొదటికి వచ్చింది, స్టేషన్ బయట బస్సు ఆగే చోటు రెండోది, నా గడియారం వాక్యం మూడోదిగా దిగిపోయింది. ఎవరికి పంపాలన్నది మరో చిక్కు. రెండో దశ ఖర్చులో మూడింట రెండు వంతులు రాష్ట్ర ప్రభుత్వానివి, ఒక వంతు రైల్వేది. వంతెన రైల్వేదే అయినా, అది దిగాక కాలు మోపే రోడ్డు నగరపాలక సంస్థది, ఆ రోడ్డు మీద ఆగవలసిన బస్సు ఆర్టీసీది. ఒక ముసలమ్మ గంప దింపుకోవడానికి ఇన్ని కార్యాలయాలు కావాలి. నాలుగు ప్రతులు తీశాను.

అర్జీ కింద ఆమె పేరు కూడా రాస్తానని కూరగాయల దగ్గరే అడిగాను. "నా పేరెందుకు సారూ, రేపు పిలిచి నన్నే అడుగుతరు" అని, కొసరుగా రెండు పచ్చిమిరపకాయలు సంచిలో వేసింది.